సున్నం గోడ, కారే పైపు, ఒక ఫెర్న్

సుల్తాన్ బజార్‌లో నడిచేవాళ్ల చూపు దుకాణాల బోర్డులు దాటి పైకి పోదు. చీరలు, గాజులు, చెప్పులు, బేరాలు అన్నీ కిందే ఉంటాయి, పైకి చూస్తే ఎవరో ఒకరు తగులుతారు కూడా. అయినా వానాకాలంలో ఏదైనా పాత మిద్దె ముందు ఒక పక్కకు నిలబడి తలెత్తండి. మొదటి అంతస్తు దగ్గర పైపు అతుకు వదులై, గోడ మీద నల్లటి చార కిందికి దిగి ఉంటుంది. ఆ చార పక్కన, గచ్చు రాలిన సందులోంచి, వంగిన ఆకుపచ్చ ఆకుల గుత్తి ఒకటి వేలాడుతుంటుంది. రావి మొక్కేమో అనుకుని వదిలేస్తాం. రావి కూడా అదే గోడ మీద ఉండొచ్చు గానీ, ఇది వేరు. ఇది ఫెర్న్.

శాస్త్రీయ నామం టెరిస్ విట్టాటా. గుర్తుపట్టడం తేలిక. ఒక్కో ఆకు మూరెడు దాకా, చోటు దొరికితే అంతకు మించి పెరుగుతుంది. మధ్య ఈనెకు రెండు వైపులా సన్నటి పత్రకాలు జతలుగా ఉంటాయి. మొదట్లో ఉన్నవి చిన్నవి, పైకి పోయేకొద్దీ పొడుగు, చిట్టచివర ఒంటరిగా ఇంకో పొడవాటి పత్రకం. ఆకు తిప్పి చూస్తే అసలు సంగతి కనబడుతుంది. పత్రకం రెండు అంచుల వెంబడి గీత గీసినట్టు గోధుమరంగు పట్టీ ఉంటుంది. పువ్వు, కాయ, విత్తనం ఏవీ లేని ఈ మొక్క సంతానమంతా ఆ పట్టీలోనే ఉంది. 1753లో లిన్నేయస్ దీనికి పేరు పెట్టాడు. చైనా నుంచి ఆఫ్రికా, దక్షిణ ఐరోపా దాకా దీని సొంత నేలే. మన నగరాల్లో పాత గోడలు, మోరీల అంచులు, బావుల లోపలి వరసలు దీని చిరునామాలు.

ఫెర్న్ అనగానే పుస్తకాలు చూపించే బొమ్మ మాత్రం ఇది కాదు. పొగమంచు, ఓక్ చెట్లు, కుళ్లిన ఆకుల మెత్తటి నేల, దాని మీద మోకాలెత్తు పచ్చదనం. ఐరోపా, ఉత్తర అమెరికా సమశీతోష్ణ అడవుల్లో లేడీ ఫెర్న్, మేల్ ఫెర్న్, బ్రాకెన్ అలాగే పెరుగుతాయి. లేడీ ఫెర్న్ ఆకులు తొలి మంచుకే వాడి పడిపోతాయి. నేలలో ఉన్న కొమ్ము, అంటే అల్లంలాంటి కాండం, చలికాలమంతా ఊరికే పడి ఉండి, వసంతంలో చుట్టలు చుట్టుకున్న మొలకలను పైకి పంపుతుంది. ఆ చుట్టలు ఒక్కొక్కటే విప్పుకుంటూ ఆకులవుతాయి. మన గోడ మీది ఫెర్న్ కూడా చుట్ట విప్పుకునే పుడుతుంది, కొమ్ము మీదే ఆధారపడి బతుకుతుంది. తేడా ఏమిటంటే అక్కడ మంచు చేసే పని ఇక్కడ రోహిణి కార్తె ఎండ చేస్తుంది. చెమ్మ ఆరిన గోడల మీద ఏప్రిల్, మే నెలల్లో ఆకులు గోధుమరంగుకు తిరిగి వేలాడతాయి, మృగశిర చినుకులు పడ్డాక కొత్త చుట్టలు లేస్తాయి. పైపు మాత్రం ఏడాది పొడుగునా కారుతుంటే మొక్కకు ఎండాకాలం వచ్చిన సంగతే తెలియదు. అందుకే ఒకే గల్లీలో ఒక గోడ మీద ఎండిన ఫెర్న్, ఎదుటి గోడ మీద నిగనిగలాడే ఫెర్న్ కనబడతాయి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చినా, మిద్దె మీది ట్యాంకు పొర్లినంత కాలం దానికి లోటు లేదు.

నీళ్లు కారే గోడలు నగరమంతా ఉన్నాయి. మరి అన్ని గోడల మీదా ఇది ఎందుకు లేదు? దీనికి జవాబు గోడ వయసులో ఉంది.

సుల్తాన్ బజార్ పాత పేరు రెసిడెన్సీ బజార్. నిజాం దర్బారులో ఆంగ్ల రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో కోఠీలో కట్టడం మొదలుపెట్టిన రెసిడెన్సీ భవనం చుట్టూ పెరిగిన బజారిది. బజారు పాలన 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చాక ఈ పేరు మారింది. రెసిడెన్సీలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం. ఆ భవనమూ, దాని నీడలో లేచిన పాత మిద్దెలూ ఇటుకా డంగు సున్నంతో కట్టినవి. గానుగలో ఇసుకతో కలిపి రోజుల తరబడి నూరిన ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా, అంటే మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. లోపల సన్నటి రంధ్రాలు మిగులుతాయి. నీళ్లు పీలుస్తుంది, నెమ్మదిగా వదులుతుంది. కొండల్లో సున్నపురాళ్ల పగుళ్లను వెతుక్కునే టెరిస్ విట్టాటాకు ఇంతకన్నా కావలసింది లేదు. మనిషి ఊరి నడిబొడ్డున దానికో సున్నపుకొండ కట్టిపెట్టాడు.

సిమెంటు వేరు. కొత్త సిమెంటులో క్షారం మరీ ఎక్కువ, పైగా అది గట్టిగా, సందులు లేకుండా బిగుస్తుంది. వేరు పట్టడానికి చోటుండదు. 2020లో మొదలైన మెట్రో లైను చిక్కడపల్లి, నారాయణగూడ దాటి సుల్తాన్ బజార్ మీదుగా ఎంజీబీఎస్‌కు పోతుంది. దాని కాంక్రీటు స్తంభాల పక్కన వాన నీళ్లు దిగుతూనే ఉంటాయి గానీ, స్తంభం ఒంటి మీద ఈ ఫెర్న్ నాకు కనబడలేదు. నాలుగడుగుల అవతలి పాత మిద్దె మీద ఉంది. కాంక్రీటు కూడా దశాబ్దాల మీద మెత్తబడి, సున్నం ఊరి, పగుళ్లిస్తుంది కాబట్టి ఇదే శాశ్వతమని చెప్పను. ప్రస్తుతానికైతే ఈ వీధుల్లో ఫెర్న్ ఉన్న చోటల్లా రెండు సంగతులు ఊహించుకోవచ్చు: ఆ గోడలో సున్నం ఉంది, ఆ గోడలోకి నీరు దిగుతోంది.

నీరు అనేది ఇక్కడ దాహం తీర్చుకోవడానికి మాత్రమే కాదు. ఫెర్న్ కథలో నిజంగా వింతైన భాగం ఇదే, కాస్త నిదానంగా చూడాలి.

ఆకు అంచున ఉన్న గోధుమరంగు పట్టీని పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూడండి. ఆకు అంచే లోపలికి ముడుచుకుని ఒక పల్చటి మూతలా ఉంటుంది. దాని కింద ఆవగింజలో పదో వంతు కూడా లేని గుండ్రటి బుడిపెలు వందల్లో కిక్కిరిసి ఉంటాయి. అవి సిద్ధబీజాశయాలు. ఒక్కోదాంట్లో సిద్ధబీజాలు చాలా ఫెర్న్‌లలో 64 ఉంటాయి. ప్రతి బుడిపె వీపు మీద డజను దాకా కణాల వరస ఒకటి వంపుగా ఉంటుంది. ఈ కణాల లోపలి, పక్క గోడలు మందం, బయటి గోడ పల్చన. గాలి పొడిగా ఉన్న రోజున కణాల్లోని నీరు ఆవిరవుతుంది. తగ్గిపోతున్న నీరు కణం గోడలను లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకు వరస మొత్తం వెనక్కి విరుచుకుంటూ బుడిపెను చీల్చి, సిద్ధబీజాలను చేతిలో పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడుతుంది. నీటి మీద ఆ లాగుడు తట్టుకోలేని స్థాయికి చేరగానే కణాల్లో ఒక్కసారిగా బుడగలు పుడతాయి. బిగువు వదిలిన వరస టపీమని ముందుకు కొట్టుకుంటుంది. ఫ్రాన్స్ పరిశోధకులు దీన్ని అతివేగ కెమెరాతో పట్టి 2012లో ‘సైన్స్’ పత్రికలో వివరించారు. సిద్ధబీజం సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో బయటపడుతుంది. అంత చిన్న రేణువును గాలి వెంటనే ఆపేస్తుంది కాబట్టి ఆ విసురు దాన్ని ఎంతో దూరం తీసుకుపోదు, ఆకును అంటిపెట్టుకుని ఉన్న నిశ్చలమైన గాలి పొరను మాత్రం దాటిస్తుంది. ఆ తర్వాత పని వీధి గాలిది.

మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉండే ఆ రేణువు ఎక్కడైనా పడొచ్చు. ఆటో టాపు మీద, పట్టుచీర మీద, మిర్చిబజ్జీ మూకుడులో. కోట్లలో ఏ ఒక్కటో తడి సున్నం సందులో పడుతుంది. అది మొలిస్తే వచ్చేది ఫెర్న్ కాదు. చిటికెన వేలి గోరంత ఉండే, హృదయాకారపు పల్చటి పచ్చ రేకు వస్తుంది. వేరు లేదు, కాండం లేదు, చాలాభాగం ఒక్క కణం మందం. ఇంటర్మీడియట్ పుస్తకంలో దీని పేరు సంయోగబీజదం, ప్రథమాంకురం అనీ రాస్తారు. తన పాటికి తాను బతికే వేరే మొక్క ఇది. గోడ మీద నాచు అనుకుని మనం తుడిచేసే వాటిలో కొన్ని నిజానికి ఇవే.

ఈ రేకు కిందివైపు ఆడ, మగ అవయవాలు తయారవుతాయి. మగకణాలు పుప్పొడిలాగా గాలిలోనో తేనెటీగ కాళ్లకు అంటుకునో పోవు. స్ప్రింగులా మెలితిరిగి, వెంట్రుకల్లాంటి తోకలతో నీటిలో ఈదుకుంటూ పోవాలి. దూరం ఒకటి రెండు మిల్లీమీటర్లే, అయినా నీటి పొర తెగితే అంతే సంగతులు. పెద్ద చెరువు అక్కర్లేదు, చినుకు పడ్డాక మిగిలే చెమ్మ చాలు. పైపు అతుకు దగ్గర ఆ చెమ్మ రోజూ ఉంటుంది. ఈత పూర్తయి అండం ఫలదీకరణ చెందితే ఆ రేకులోంచే బుల్లి చుట్ట ఒకటి లేస్తుంది. అదే మనం చూసే ఫెర్న్. కొంతకాలానికి రేకు ఎండిపోతుంది. ఒంటరిగా మొలిచిన రేకు తన మగకణాలతో తన అండాన్నే ఫలదీకరించుకోగలదు కూడా, టెరిస్ విట్టాటా ఇందులో సమర్థురాలు. కొత్త గోడకు వలసపోవడానికి ఒక్క సిద్ధబీజం చాలన్నమాట. పక్కపక్కన చాలా రేకులు మొలిస్తే మరో తంత్రం నడుస్తుంది. ముందు ఎదిగినది ఒక రసాయనాన్ని వదులుతుంది. దాని ప్రభావంతో చుట్టుపక్కల వెనకబడ్డవన్నీ మగవిగా మారిపోతాయి. ఇది చాలా జాతుల ఫెర్న్‌లలో కనబడింది.

ఇంత తతంగం కంటికి ఆనని సైజులో జరుగుతుంది కాబట్టే ఐరోపాలో వందల ఏళ్ల పాటు దీని చుట్టూ కథలు అల్లుకున్నారు. విత్తనం లేకుండా మొక్క ఎలా వస్తుంది, ఉండే ఉంటుంది, కనబడదంతే అన్నారు. కనబడని విత్తనాన్ని జేబులో వేసుకుంటే మనిషీ కనబడకుండా పోతాడని నమ్మారు. షేక్‌స్పియర్ నాటకంలో దొంగలు కూడా ఆ మాట ఎత్తుతారు. జమైకాలో వైద్యుడిగా ఉన్న జాన్ లిండ్సే ఆకు వెనకాల పొడిని మట్టిలో చల్లి, రోజూ సూక్ష్మదర్శినితో చూస్తూ, అది మొలవడం గమనించి 1794లో ప్రచురించాడు. పచ్చ రేకు మీద ఆడ అవయవాలను, ఫలదీకరణను 1848లో పోలండ్‌కు చెందిన లెష్చిట్స్-సుమిన్‌స్కీ గుర్తించాడు. రెండు తరాలు వంతులవారీగా వస్తాయన్న మొత్తం చిత్రాన్ని 1851లో విల్‌హెల్మ్ హోఫ్‌మైస్టర్ పూర్తిచేశాడు. ఈయన వృత్తి పుస్తకాల, సంగీత ప్రతుల వ్యాపారం. కోఠీ పుస్తకాల దుకాణాల వాళ్లు గర్వపడదగ్గ సంగతి.

అదే రోజుల్లో లండన్ నగరం తన ఫెర్న్‌లను చంపుకుంటోంది. తూర్పు లండన్‌లో డాక్టరైన నథానియల్ వార్డ్ ఇంటి గోడ మీద ఫెర్న్‌లు పెంచబోతే బొగ్గుపొగకు అన్నీ చచ్చాయి. 1829లో ఆయన ఒక సీతాకోకజాతి పురుగు గూడును తడి మట్టిలో పెట్టి సీసాలో మూసిపెట్టాడు. పురుగు మాటేమో గానీ, మట్టిలోంచి ఫెర్న్ ఒకటి మొలిచి, మూత తీయకుండానే ఏళ్లపాటు బతికింది. గాజు లోపల ఆవిరైన నీరు మళ్లీ గోడలకు పట్టి మట్టిలోకి దిగుతుంది, మసి లోపలికి రాదు. ఈ సూత్రంతో చేసిన గాజుపెట్టెలు ఓడలెక్కాయి. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి తేయాకు మొలకలను భారతదేశానికి తెచ్చింది వాటిలోనే. ఇరానీ హోటల్లో మనం తాగే చాయ్ వెనక ఒక ఫెర్న్ ఉందంటే కొంత అతిశయోక్తే గానీ, పూర్తి అబద్ధం కాదు. విక్టోరియా కాలపు ఇంగ్లండ్‌కు ఆ తర్వాత ఫెర్న్ పిచ్చి పట్టుకుంది. జనం అడవులు ఊడ్చి ఇళ్లకు తెచ్చుకున్నారు, కొన్ని అరుదైన జాతులు చాలాచోట్ల కరువయ్యాయి. 1855లో ఛార్లెస్ కింగ్‌స్లీ ఆ పిచ్చికి పేరు కూడా పెట్టాడు. ఇంచుమించు అప్పుడే, మద్రాసు సైన్యం నుంచి అటవీశాఖకు వచ్చిన బెడ్డోమ్ దక్షిణ భారత ఫెర్న్‌లను బొమ్మలతో సహా పుస్తకంగా తెచ్చాడు.

ఇక నీడ సంగతి. ఇరుకు గల్లీలో ఎండ పడేది ఏ మధ్యాహ్నమో కాసేపు. అది ఫెర్న్‌కు కొత్త కాదు. డైనోసార్ల కన్నా ముందునుంచీ ఉన్న వంశమే అయినా, ఈనాటి ఫెర్న్ జాతుల్లో ఎక్కువభాగం పూలచెట్లు పెరిగి నేలను నీడతో కప్పేశాక వాటి అడుగున పుట్టినవేనని 2004లో తేలింది. నీడలో మసక వెలుగును పసిగట్టే ఒక ప్రొటీను వీటిలో ఉంది. ఎరుపు, నీలం రెండు కాంతులనూ అదే గుర్తిస్తుంది. ఆ జన్యువు ఫెర్న్‌ల సొంతం కాదనీ, హార్న్‌వర్ట్ అనే నాచులాంటి మొక్కల నుంచి ఎప్పుడో వీటిలోకి దూకిందనీ 2014లో అమెరికా పరిశోధకులు చూపించారు. తల్లి నుంచి బిడ్డకు కాదు, పక్కింటి నుంచి వచ్చిన ఆస్తి.

తెలుగునేల మీద ఫెర్న్ అంటే ఇదొక్కటే అనుకోవద్దు. అనంతగిరి, గాలికొండ వైపు విశాఖ మన్యంలో చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్‌లున్నాయి. దక్కను రాళ్ల పగుళ్లలో విసనకర్రలాంటి ఆకులతో మయూరశిఖ ఉంటుంది. ఎండాకాలంలో ముడుచుకుని చచ్చినట్టు పడి ఉండి వానకు మళ్లీ విప్పుకుంటుంది. బావి గోడల హంసపదిని ఆయుర్వేదులు, దాని దగ్గరి చుట్టాన్ని యునానీ హకీములు దగ్గు మందుల్లో వాడతారు. రైతులు తొట్లలో పెంచి బర్రెలకు వేసే అజొల్లా కూడా నీటి మీద తేలే ఫెర్నే, దాని ఆకుల్లో కాపురముండే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టిస్తుంది. సింగరేణి బొగ్గు మాత్రం ఫెర్న్ అడవుల బొగ్గు అని కొందరంటారు, అది సరికాదు. అందులో ముఖ్యమైన గ్లాసోప్టెరిస్‌కు విత్తనాలుండేవి.

గోడ మీది ఫెర్న్‌కు ప్రపంచఖ్యాతి వచ్చింది మాత్రం విషం వల్ల. ఫ్లోరిడాలో ఒకప్పుడు కలపకు చెదలు పట్టకుండా ఆర్సెనిక్ మందు పట్టించిన స్థలం ఒకటుంది. మట్టి నిండా ఆర్సెనిక్. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లీనా మా బృందం అక్కడి మొక్కలన్నిటినీ పరీక్షిస్తుంటే టెరిస్ విట్టాటా లెక్క వింతగా వచ్చింది. తర్వాత ఆర్సెనిక్ కలిపిన మట్టిలో పెంచి చూస్తే ఎండిన ఆకు బరువులో 2.3 శాతం దాకా ఆర్సెనిక్ చేరింది. 2001లో ‘నేచర్’ పత్రికలో ఇది వచ్చింది. ఇంత ఆర్సెనిక్‌ను పోగేసుకునే మొక్క అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

దీని వెనకున్న మర్మం పోలిక. మట్టిలో ఆర్సెనేట్ రూపంలో ఉన్న ఆర్సెనిక్, మొక్కకు ప్రాణావసరమైన ఫాస్ఫేట్‌ను అచ్చం పోలి ఉంటుంది. ఫాస్ఫేట్ కోసం వేరు తెరిచే దారిలోనే అది లోపలికి వస్తుంది. మిగతా మొక్కలు ఇక్కడే దెబ్బతింటాయి. టెరిస్ దాన్ని ఆర్సెనైట్‌గా మార్చి, ఆకుల దాకా పంపి, కణాల్లోని రసం సంచుల్లోకి నెట్టి తాళం వేస్తుంది. ఆ సంచి పొర మీద తలుపుగా పనిచేసే ప్రొటీను జన్యువును 2010లో గుర్తించారు. పూలమొక్కల్లో ఆ జన్యువు లేదు. ఆకుల్లో విషం ఉంటే మొక్కకు లాభం కూడా ఉంది, మిడతలు వాటిని తినకుండా వదిలేస్తాయి.

బెంగాల్‌లో బోరునీటితో పాటు పొలాల్లోకి ఎక్కిన ఆర్సెనిక్‌ను తోడడానికి ఈ ఫెర్న్‌ను వరి మడుల్లో నాటి పరీక్షించారు. మన పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో భారలోహాలతో పాటు ఆర్సెనిక్ కూడా ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్జీఆర్ఐ) శాస్త్రవేత్తలు 2001లోనే రాశారు. అలాంటి చోట ఇది పనికొస్తుందా అంటే, వస్తుంది గానీ ఓపిక కావాలి. నేల శుభ్రపడటానికి పంట మీద పంట, ఏళ్లు పడుతుంది. కోసిన ఆకును పశువులకు వెయ్యకూడదు, ఎరువు గుంటలో వెయ్యకూడదు, ఊరికే కాల్చినా ఆర్సెనిక్ పొగలో లేస్తుంది. విషం పోదు, మట్టిలోంచి ఆకులోకి మారుతుందంతే. ఆ ఆకును ఏం చెయ్యాలన్నదే ఇప్పటికీ ఖర్చుతో కూడిన పని. సుల్తాన్ బజార్ గోడ మీది మొక్కలో అంత విషం ఉంటుందని భయపడక్కర్లేదు, గోడలో లేనిది ఆకులోకి రాదు. అలాగని కూరాకు అనుకుని కోసుకోవడమూ వద్దు.

ఇంటివాళ్లు అడిగేది వేరే ప్రశ్న: దీన్ని పీకెయ్యాలా? రావి, మర్రి మొలిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. వాటి వేర్లు లావెక్కుతూ ఇటుకలను విడదీస్తాయి. ఫెర్న్ వేర్లు సన్నగా దారాల్లా ఉంటాయి, కొమ్ము పొట్టిగా ఉంటుంది, అది గోడను కూల్చదు. కాకపోతే దాని మొదట్లో దుమ్ము పేరుకుని మట్టవుతుంది, ఆ మట్టిలో కాకి రెట్టతో వచ్చిన రావి గింజ పడితే మొలుస్తుంది. కాబట్టి పాత మిద్దె ఉన్నవాళ్లు వానలకు ముందే తీసేయడం మంచిది. తీశాక మేస్త్రీ ఆ సందును సిమెంటుతో నింపుతానంటే ఒప్పుకోవద్దు. సిమెంటు తన కింద చెమ్మను బంధిస్తుంది, ఆ నీరు పక్కనున్న సున్నంలోంచి దారి చేసుకుంటుంది, రెండు మూడేళ్లలో ఆ పక్క గచ్చు ఉప్పుపట్టి పొరలుగా రాలుతుంది. సున్నం గోడకు సున్నమే వెయ్యాలి. అంతకన్నా ముందు ప్లంబర్‌ను పిలిచి పైపు అతుకు మార్పించాలి, లేకపోతే వచ్చే ఆషాఢానికి అదే సందులో కొత్త చుట్ట లేస్తుంది.